మా ఇంటికి మెట్లు లేవు

ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న న్యాయవాదుల సంఘం పెద్దలు జయచంద్ర గారికి, వేదిక మీదున్న లాయరు విజయభాస్కర్ గారికి, ముందు వరసల్లో నల్లకోట్లతో కూర్చున్న న్యాయవాదులందరికీ, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ గుమస్తాలకు, టైపిస్టులకు, లోపల చోటు చాలక వరండాలో నుంచే వింటున్న నాలాంటి కక్షిదారులకు, శాలువా కప్పించుకున్నప్పటి నుంచి ఎటు చూడాలో తెలియక నేల వైపు చూస్తున్న మా కొండప్పన్నకు, ఆయన పక్కన కూర్చున్న గంగక్కకు, అందరికీ నమస్కారం.

నేను కూర్చుని మాట్లాడుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. (నవ్వులు) నవ్వండి, పరవాలేదు. ఇందాక అధ్యక్షులవారు మైకును స్వయంగా కిందికి దించి నా ముందు పెట్టారు. ఐదు నిమిషాల్లో ముగించమని చెవిలో కూడా చెప్పారు. సార్, మీ సభ్యులు ఐదు నిమిషాల పనికి ఐదు నెలల వాయిదా అడగడం నేను కళ్ళారా చూశాను. నాకు పావుగంట ఇప్పించండి. (నవ్వులు, చప్పట్లు)

నా పేరు సరళ. మాది రాయదుర్గానికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లె. ఈ రాయదుర్గంలోనే ఒక జీన్స్ యూనిట్లో ఆరేళ్ళు కుట్టుపని చేశాను. ప్యాంటుకు నడుం పట్టీ వేయడం నా పని. పదో తరగతి చదివాను కాబట్టి ఈ ప్రసంగం నేనే రాసుకొచ్చాను. విజయభాస్కర్ సార్ ఒకసారి చూసి దిద్దుతానన్నారు. నేను ఇవ్వలేదు. కొండప్పన్న మొదట వాళ్ళ నాన్నగారి దగ్గర, తరువాత ఆయన దగ్గర, మొత్తం ముప్పై ఎనిమిదేళ్ళు గుమస్తాగా పనిచేశారు. ఆయన గురించి చెప్పేటప్పుడు ఒక్కరోజైనా లాయరు దిద్దని కాగితం ఉండాలి కదా.

రెండు వేల పదిహేడు జూలైలో నేను పడిపోయాను. మా యూనిట్లో మిషన్లు పైన, ఇస్త్రీ, ప్యాకింగు కింద ఉండేవి. ఈ రెంటికీ మధ్య షెడ్డు బయట ఇనుప మెట్లు. అందులో ఒక మెట్టు వెల్డింగు ఊడిపోతే బైండింగు వైరుతో కట్టారు. ఆ మెట్టు దగ్గరికి రాగానే అందరం దాన్ని దాటి కాలు వేసేవాళ్ళం. ఆరోజు ప్యాంట్ల కట్టలు మోసే మనిషి రాలేదు. సూపర్‌వైజరు నన్ను మోయమన్నాడు. భుజం మీద నలభై ప్యాంట్ల కట్ట ఉంటే కింద ఏ మెట్టుందో ఎవరికి కనిపిస్తుంది? వైరు తెగింది. సిమెంటు గచ్చు మీద వెల్లకిలా పడ్డాను. నొప్పి తెలియలేదు. కాళ్ళు ఎక్కడున్నాయో కూడా తెలియలేదు. తల ఎత్తి చూస్తే కాళ్ళు ఉన్నాయి, నావి కానట్టు ఉన్నాయి.

అనంతపురం పెద్దాసుపత్రిలో ఫొటో తీసి, వెన్నెముక విరిగి లోపలి నరాలు దెబ్బతిన్నాయన్నారు. నా భర్త తిప్పేష్ అప్పుడు బోర్లు వేసే లారీ మీద పనిచేస్తూ కళ్యాణదుర్గం వైపు ఎక్కడో ఉన్నాడు. ఒళ్ళంతా బోరు మట్టితోనే ఆసుపత్రికి వచ్చాడు. వచ్చీ రాగానే సూపర్‌వైజరు ఒక కాగితం ముందు పెట్టాడు. 'ఇంట్లో మెట్ల మీద నుంచి జారి పడింది' అని అందులో రాసి ఉంది. 'సంతకం పెట్టప్పా, ఆసుపత్రి ఖర్చంతా ఓనరే చూసుకుంటాడు. లేకుంటే పోలీసులు, కోర్టులు, నువ్వు తిరగలేవు' అన్నాడు. తిప్పేష్ పెట్టాడు. పదకొండు రోజులు వాళ్ళు మందులు కొనిచ్చారు. పన్నెండో రోజు నుంచి ఫోను ఎత్తలేదు.

సభలో ఇలాంటివి చెప్పకూడదేమో. అయినా చెబుతాను, ఎందుకంటే ఈ మాట వినాల్సిన మనిషి ఆ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ సంతకం సంగతి తెలిసిన రోజు నుంచి నేను తిప్పేష్‌తో మాట్లాడటం మానేశాను. ఆయన నన్ను ఎత్తి పక్కకు తిప్పేవాడు, మూత్రం పైపు మార్చేవాడు, వీపు మీద పుండ్లు కడిగేవాడు. నేను గోడ వైపు చూసేదాన్ని. నీళ్ళు కావాలంటే గ్లాసుతో మంచం పట్టీ మీద కొట్టేదాన్ని. రెండేళ్ళు అలా గడిచాయి. అది మనిషి చేసే పని కాదని నాకు తెలుసు. అప్పుడు నాకు ఆయన తప్ప కోపగించుకోవడానికి ఎవరూ దొరకలేదు.

కొండప్పన్న మా ఇంటికి వచ్చింది పంతొమ్మిదో నెలలో. నా కోసం రాలేదు. మా పక్కింటివాళ్ళ పొలం గట్టు తగాదాలో ఏదో కాగితం మీద సంతకాలు తీసుకోవడానికి వచ్చారు. ఆ ఇంటికి తాళం వేసి ఉంటే మా వసారాలో కూర్చున్నారు. చేతిలో గుడ్డసంచి, చెవి మీద పెన్ను. నేను మంచం మీద ఉన్నాను.

'ఏమైందమ్మా?' అని అడిగారు.

ఎవరడిగినా ఒకటే చెప్పడం అప్పటికి అలవాటైపోయింది. 'మెట్ల మీంచి పడినా' అన్నాను.

'యాడ మెట్లు?'

'ఇంట్లో.'

ఆయన లేచారు. మా ఇంటి ముందు నిలబడి పైకి చూశారు. పక్కకు వెళ్ళి చూశారు. దొడ్డి వైపు కూడా వెళ్ళి చూసి వచ్చారు. మాది రేకుల ఇల్లు. రెండు గదులు, ఒక వసారా. వాకిట్లో గడప తప్ప ఎత్తైనది ఏదీ లేదు.

'ఈ ఇంటికి మెట్లు యాడుండాయమ్మా?' అన్నారు.

(నవ్వులు) మీరు నవ్వుతున్నారు. నేను ఆరోజు ఏడ్చాను. పంతొమ్మిది నెలల్లో మా ఇంటికి ఎంతమంది వచ్చి పోయారో! అయ్యో పాపం అన్నారు, పండ్లు ఇచ్చారు, దిష్టి తీశారు. కొందరు మొగుడితో సరిపడక మిద్దె మీంచి దూకిందట అని కూడా చెప్పుకున్నారు. మా ఇంటికి మిద్దె లేదని ఒక్కరూ తల ఎత్తి చూడలేదు. పరాయి మనిషి, ఎవరి పనికో వచ్చిన మనిషి, ఆయన చూశారు.

ఆరోజు ఆయన పక్కింటి పని మరచిపోయారు. అంతా అడిగి తెలుసుకున్నాక వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టారు. పనిలో దెబ్బ తగిలితే పరిహారం అడగడానికి రెండేళ్ళే గడువు. 'ఇంగ ఐదు నెలలుండాది. అంతలోపల కాయితం ఏసేద్దాం' అన్నారు. నాకు నమ్మకం లేదు. ఎందుకు వచ్చిన గొడవ అన్నాను. ఆయన బతిమాలలేదు. 'నీకు పదేండ్ల కూతురుండాది. రేపు ఆయమ్మి పెద్దదై, అమ్మా నువ్వు యాడ పడితివి అని అడిగితే ఏం చెప్తావు?' అన్నారు. అంతే. మరుసటి వారం విజయభాస్కర్ సార్ వకాల్తా మీద సంతకం చేశాను.

ఇక్కడ సార్‌కు ఒక మాట. మీరు వాదించిన తీరుకు నేనూ నా కూతురూ ఎప్పటికీ రుణపడి ఉంటాం. ఆ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను. కానీ మీరు నన్ను అడగడానికి మొహమాటపడిన ప్రశ్నలన్నీ కొండప్పన్న చేత అడిగించారు. అది మాత్రం నేను మరచిపోలేదు. (నవ్వులు) మూత్రం తెలుస్తుందా, పుండ్లు ఎన్ని, ఎక్కడ, రోజుకు ఎన్నిసార్లు బట్టలు మార్చాలి, భార్యాభర్తల సంగతి ఏమిటి. మా అత్త వింటుండగా అడిగారు. నాకు ఒళ్ళు మండిపోయింది. 'నీకు సిగ్గు ల్యాదా అన్నా?' అన్నాను. ఆయన రాయడం ఆపలేదు.

'సిగ్గు నాకూ ఉండాది తల్లీ. నువ్వు చెప్పకపోతే పైన కూర్చునే ఆఫీసరుకు కాలు నొప్పి, నడుం నొప్పి అని తెలుస్తాది, అంతే. నీకు పోయిందేందో నువ్వే చెప్పాల.'

ఆరోజు మొదటిసారి నాకు పోయిందేమిటో నేను వరసగా చెప్పాను. ఆయన సంచిలో నుంచి సీసా తీసి నీళ్ళు ఇచ్చి, వసారాలోకి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డారు.

కేసు అనంతపురం కార్మిక శాఖ ఆఫీసులో. ఇక్కడి నుంచి బస్సులో మూడు గంటలు. నాలాంటివాళ్ళు అంతసేపు ఒకే తీరులో కూర్చుంటే పుండ్లు పడతాయి. మొదటి వాయిదాకు వెళ్ళి వచ్చాక నెల రోజులు బోర్లా పడుకున్నాను. రెండో వాయిదాకు కొండప్పన్న స్కూటరు ట్యూబు ఒకటి సగం గాలి కొట్టించి, గంగక్క పాత చీరతో గలీబు కుట్టించి తెచ్చారు. గంగక్కా, ఆ చీర అంచు ఎర్రది. నాకు ఇంకా గుర్తుంది. ఆ ట్యూబు మీదే పద్నాలుగు వాయిదాలకు వెళ్ళాను. విచారణ చేసే అధికారి మేడ మీద కూర్చునేవారు. తిప్పేష్ నన్ను వీపున వేసుకుని ఎక్కుతుంటే ఒకరోజు ఆయన కిటికీలో నుంచి చూసి, తానే ఫైలు పట్టుకుని కిందికి వచ్చారు. ఆ తరువాత నా మాటలన్నీ కిందే, ఆవరణలో బల్ల వేసి రాసుకున్నారు. ఆయన బదిలీ మీద వెళ్ళిపోయారు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఓనరు తరఫు వాదన ఒక్కటే. ఈమె మా మనిషి కాదు, మా రిజిస్టరులో పేరు లేదు, ఇంట్లో పడింది, ఆమె భర్తే రాసిచ్చాడు. మా ఇంటి ఫొటో చూపించాం. ఇంటికి మెట్లు లేకపోతే పక్కింటి మెట్ల మీద పడి ఉంటుంది అన్నారు. రిజిస్టరులో నా పేరు లేని మాట నిజమే. పీసు లెక్కన కుట్టేవాళ్ళ పేర్లు ఎక్కడా రాసేవాళ్ళు కాదు.

అప్పుడు కొండప్పన్నకు ఒక ఆలోచన వచ్చింది. నన్ను గచ్చు మీద నుంచి తీసుకుపోయింది నూట ఎనిమిది బండి. ఆ బండి ఎవరో పిలవకుండా రాదు. పిలుపు వచ్చిన చోటు, వేళ, నంబరు ఎక్కడో రాసి ఉంటారు. అధికారి ద్వారా ఆ రికార్డు తెప్పించారు. అందులో యూనిటు ఉన్న వీధి పేరు, ఉదయం పదకొండూ ఇరవై అని వేళ, ఒక ఫోను నంబరు ఉన్నాయి. విజయభాస్కర్ సార్ ఆఫీసులో నా ముందే కొండప్పన్న ఆ నంబరుకు చేశారు. అందరికీ వినబడేట్టు పెట్టారు.

'ఎవురప్పా?' అంది అవతలి గొంతు.

నాకు తెలిసిన గొంతు. మారెక్క. నా మిషను పక్కనే నేల మీద కూర్చుని ప్యాంట్ల దారాలు కత్తిరించే మారెక్క. నేను చెయ్యి చాచి ఫోను ఆపేశాను.

'ఆమెను పిలవద్దన్నా' అన్నాను. 'ఆమె, ఆమె కూతురు ఇద్దరూ ఆడే పనిచేస్తాండారు. నోరు తెరిస్తే ఇద్దరికీ పోతాది. నా కాళ్ళకు వాళ్ళ కూడు ఎందుకు?'

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నారు. తరువాత, 'నేను పిలవను. పోయి ఉండేది ఉన్నట్టు చెప్తా. వచ్చేది రానిది ఆయమ్మ ఇష్టం' అన్నారు.

ఆయన ఏం చెప్పారో తరువాత మారెక్కే నాకు చెప్పింది. నీకు ఏమీ కాదు అని ఆయన అనలేదట. 'పని పోతాది మారెక్కా. నీ కూతురిది కూడా పోవచ్చు. సరళ నిన్ను పిలవద్దనింది. అయినా నీకు తెలియాల కాబట్టి చెప్తాండా' అన్నారట. మారెక్క ఆలోచించుకోవడానికి వారం రోజులు గడువు అడిగింది. ఆ వారం ఆయన అటు వైపు వెళ్ళలేదు. ఫోను చేయలేదు. నేను మాత్రం రోజూ ఆమె రాకూడదనీ, రావాలనీ రెండూ మొక్కుకున్నాను.

వాయిదా రోజు అనంతపురంలో బస్సు దిగేసరికి ఆమె మాకన్నా ముందే వచ్చి ఆఫీసు గేటు దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. ఎదుటి లాయరు గారు, 'సాక్ష్యం చెప్పడానికి నీకు ఏమిస్తామన్నారు?' అని అడిగారు. ఆమె ఏమన్నదో ఇక్కడున్న పాతవాళ్ళకు తెలుసు. 'ఈడికొచ్చినందుకు పొద్దున్నే పని పోయింది సార్. ఎవురన్నా ఏమన్నా ఇస్తే చూపియ్యండి, తీసుకుంటా.' (చప్పట్లు) మారెక్కా, మూడో వరసలో తల దించుకుని కూర్చున్నావు. ఒక్కసారి లే అక్కా, అందరూ చూడనీ. (చప్పట్లు)

అదేరోజు తిప్పేష్ వంతు కూడా వచ్చింది. అంతకుముందు ఆయన కొండప్పన్నను పక్కకు పిలిచి, 'అన్నా, నేను అబద్ధం రాసిచ్చినోడ్ని అని అందరి ముందర చెప్పాల్నా?' అని అడిగాడు. కుర్చీలో ఉన్న నాకు అంతా వినిపించింది. 'ఆయమ్మ కాళ్ళు పోయింది నీ వల్ల కాదప్పా. సంతకం మాత్రం నీదే. రెండూ చెప్పు' అన్నారు కొండప్పన్న.

తిప్పేష్ రెండూ చెప్పాడు. 'కాయితంలో ఉండేది అబద్ధమని తెలుసు సార్. తెలిసే పెట్టినా. ఆరోజు మందులకు నా జేబులో ఏమీ ల్యా' అన్నాడు. అంతమంది ముందు, తల ఎత్తే చెప్పాడు. రెండేళ్ళ తరువాత నేను ఆయన ముఖంలోకి చూశాను. అప్పటికే చెవుల పక్కన వెంట్రుకలు నెరిశాయి. నేను గోడ వైపు చూస్తున్నన్నాళ్ళలో నెరిసినట్టున్నాయి. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, 'ఆకలైతాందా?' అని అడిగాను. ఆయన ముందు సీటు కడ్డీకి తల ఆనించి ఏడ్చాడు. కొండప్పన్న నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకున్నారు. అన్నా, నువ్వు నిద్రపోలేదని నాకు తెలుసు. (నవ్వులు)

మధ్యలో కరోనా వచ్చింది. రెండేళ్ళు కాగితాలు కదలలేదు. చివరకు తీర్పు వచ్చింది. వాళ్ళు పైకోర్టుకు వెళ్ళారు, అక్కడా నిలిచింది. ఎంత వచ్చిందో మాత్రం అడగొద్దు. ఇక్కడ చెబితే రాత్రికల్లా మా వసారాలో చుట్టాలు పట్టరు. (నవ్వులు) ఒకటి చెబుతాను. తీర్పు కాపీ తెచ్చిన రోజు తిప్పేష్, మా అత్త, అందరూ డబ్బు లెక్క ఉండే చివరి పేజీ చూడమన్నారు. కొండప్పన్న నాలుగో పేజీ తీసి చదివారు. 'దరఖాస్తుదారు సదరు యూనిట్లో కుట్టుపని చేసే కార్మికురాలు. పనిలో ఉండగా, ఆ యూనిటు మెట్ల మీద నుంచి పడి గాయపడినది.' మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ చదివారు. మా వీధిలో వాళ్ళను పిలిచి, వాళ్ళ ముందు మూడోసారి చదివించాను. నేను దూకలేదు. జారిపడిన ఇల్లాలిని కాను. పనిచేస్తూ పడ్డాను. ప్రభుత్వ ముద్రతో ఉన్న కాగితం అది. నా కూతురు ఇప్పుడు ఇంటరు చదువుతోంది. ఆ పేజీని అది తన పుస్తకంలో పెట్టుకుంది.

ఇప్పుడు మా ఇంట్లో రెండు కుట్టుమిషన్లు ఉన్నాయి. ఒకదానికి కాలితో తొక్కే పని లేకుండా చేతి పక్కన మీట పెట్టించాను. రెండోదాని మీద మారెక్క కూతురు కుడుతుంది. మారెక్క దారాలు కత్తిరిస్తూ నన్ను తిడుతుంది. మా రోజు అలా గడుస్తుంది.

కొండప్పన్న విడపనకల్లు దగ్గర సొంత ఊరికి వెళ్ళి శనక్కాయ వేస్తారట. వాన కోసం ఎదురుచూడలేక చాలామంది సేద్యం మానుకుంటున్నారు. ముప్పై ఎనిమిదేళ్ళు వాయిదాల కోసం ఎదురుచూసిన మనిషికి మేఘాలు ఒక లెక్కా? (నవ్వులు) గంగక్కా, ఆయన సంచి మాత్రం దాచిపెట్టు. చేను గట్టు మీద కూడా ఎవరో ఒకరికి అర్జీ రాస్తారు.

ముగించే ముందు ఒక పని ఉంది. అధ్యక్షులవారు క్షమించాలి. కళ్యాణదుర్గం నుంచి హనుమంతప్ప అనే ఆయన వచ్చారు. నాలుగు నెలల కిందట బోరు లారీ మీద నుంచి పడ్డారు. నడుం కింద చలనం లేదు. లోపలికి రాలేక బయట ఆటోలోనే పడుకుని ఉన్నారు. ఆయన చేత కూడా ఎవరో ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. నిన్నంతా నేను ఫోనులో ఆయనను అడిగి అర్జీ రాశాను. ఎన్ని పుండ్లు, పైపు ఎన్నాళ్ళ నుంచి, అన్నీ అడిగాను. ఆయన నన్ను సిగ్గు లేదా అన్నారు. (నవ్వులు) నేను రాయడం ఆపలేదు.

విజయభాస్కర్ సార్, ఈ కేసు మీరు తీసుకోవాలి. ఇంతమందిలో అడుగుతున్నాను, కాదనలేరు. (నవ్వులు, చప్పట్లు) తల ఊపారు, అందరూ చూశారు.

కొండప్పన్నా, నీకు ఈరోజు సాయంత్రం ఐదు దాకా ఉద్యోగం ఉంది. ఇప్పుడు నాలుగున్నర. ఇవిగో మూడు పేజీలు. తప్పులుంటే దిద్దు. ఆయన ఆటోలో ఎదురుచూస్తున్నారు.

ఓపికగా విన్న పెద్దలందరికీ, నన్ను ఈ గడప దాటించి లోపలికి తెచ్చిన తిప్పేష్‌కు, నా కృతజ్ఞతలు. ఇక నాకు సెలవిప్పించండి.